పద్నాలుగు రోజుల కోర్సు

"నీకేమమ్మా, అదృష్టవంతురాలివి! గంపెడు ఉల్లిపాయలు కోసినా కంట్లోంచి చుక్క రాలదు" అంటూ అత్తగారు ఫౌకియా ఇంకో సంచీ తెచ్చి వంటగది గట్టు మీద బోర్లించింది.

రబాబ్ తల ఎత్తలేదు. ఆమె కళ్ళలో నీరు ఊరడం ఆగిపోయి నాలుగు నెలలైంది. గంటకోసారి చుక్కల మందు వేసుకుంటే తప్ప రెప్ప సాఫీగా పడదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినందువల్ల ఒరిగిందేమిటంటే, తన వంటింటి ఉల్లిపాయలతో పాటు పై అంతస్తులో ఉండే అత్తగారివీ, పక్క వీధిలో కాపురముండే ఆడపడుచు సమాహ్‌వీ కూడా ఇప్పుడు ఆమె కత్తి కిందికే వస్తున్నాయి. కన్నీళ్ళు రాకపోవడమంటే మంట లేకపోవడం కాదనీ, కడిగే నీళ్ళు లేక ఆ మంట కంట్లోనే తిష్ఠ వేసుకుంటుందనీ రెండుసార్లు చెప్పి చూసింది. "అబ్బో, లోకంలో నువ్వొక్కదానివే జబ్బుపడి లేచావు" అన్నారు. మూడోసారి చెప్పలేదు. చెప్పడానికి పట్టే ఊపిరితో రెండు ఉల్లిపాయలు తెమిలిపోతాయి.

నాలుగు నెలల కిందట ఆమెకి ఒళ్ళంతా బొబ్బలు లేచి చర్మం ఊడిపోయింది. ఊడిపోవడమంటే మాట వరసకి కాదు. నర్సు వీపు కింద చెయ్యి పెట్టి పైకి లేపితే దుప్పటికి అంటుకుని వచ్చేసింది. దమన్‌హూర్ ఆసుపత్రి వాళ్ళు చూసి, మావల్ల కాదని అలెగ్జాండ్రియాకి పంపించారు. అక్కడ కాలిన గాయాల వార్డులో నలభై రోజులుంది. నిప్పు అంటుకోకుండానే కాలినవాళ్ళ మధ్య పడుకుంది. ఆ వార్డు డాక్టరమ్మ మొదటి రోజు నుంచీ ఒకటే ప్రశ్న. "ఈవిడ ఏం మాత్రలు వేసుకుంది? ఇది మాత్ర పడక వచ్చిందే. మామూలు మాత్రే, అందరూ వేసుకునేదే. లక్షల్లో ఏ ఒకరిద్దరికో ఇలా తిరగబడుతుంది. పేరు చెప్పండి." రబాబ్ నోరంతా పుళ్ళు, కళ్ళు అతుక్కుపోయాయి, వేళ్ళకి కట్లు. చెప్పాల్సింది పక్కనున్న భర్త వగీహ్. వగీహ్ చెప్పాడు కూడా. "జ్వరానికి మామూలు బిళ్ళ తప్ప ఏమీ వేసుకోలేదండీ."

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కాగితం మీద 'కారణం: ఏదో మందు, పేరు తెలియదు' అని రాసి, కోపంగా దాని కింద గీత గీసింది. "పేరు తెలిసేదాకా నీకు ప్రతి మాత్రా గండమే. రెండోసారి వస్తే మనిషి దక్కడం కష్టం. నీ కడుపున పుట్టినదానికి కూడా ఆ మందు ఇవ్వకుండా ఉండటమే మంచిది. ఎలాగైనా కనుక్కో" అంది.

కనుక్కోవడానికి ఎంత కష్టం? మాత్రలు తెచ్చింది మొగుడు. ఇచ్చింది ఆడపడుచు మొగుడు ముఖ్తార్. ఇదే భవనంలో కింది అంతస్తున మందుల షాపు అతనిది. ఒకరు ఈ బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటారు. ఇంకొకరు యాభై మెట్ల కింద ఉంటారు. అయినా ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆమె అడుగుతూనే ఉంది, ఆ ఇద్దరూ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. "అది విటమిన్ లాంటిదేనే" అంటాడు వగీహ్. "ముఖ్తార్‌కి రోజూ వంద మంది వస్తారు, ఎవరికేమిచ్చాడో గుర్తుంటుందా?" అంటాడు. మరీ పట్టు పడితే, "లక్షల్లో ఒకరికట. మరి మా అమ్మకి రాలేదు, మా చెల్లికి రాలేదు, నీకే ఎందుకు రావాలి? నీ ఒంట్లోనే ఏదో ఉంది" అని ముగిస్తాడు. అలా మాట్లాడినప్పుడు రబాబ్‌కి నిజంగానే తప్పు తనదేమో అనిపించేది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఏ తప్పయినా చివరికి ఆమె ఒంట్లోనో, వంటలోనో, పెంపకంలోనో తేలడం అలవాటైపోయింది కదా.

అత్తగారికి మాత్రం కారణం ఎప్పుడో తెలిసిపోయింది. దిష్టి. ఆసుపత్రిలో చేరడానికి ముందు రోజు, శుక్రవారం, వగీహ్ ఆఫీసు పెద్ద సారు, ఆయన భార్య భోజనానికి వచ్చారు. ఆ భార్య రబాబ్ చెంప ముట్టుకుని, "ఏం చర్మమమ్మా, మీగడలా!" అందట. అని, దిష్టి తగలకుండా దేవుడి పేరు తలుచుకోలేదట. ఇంకేం కావాలి? మర్నాటికల్లా మీగడ విరిగిపోయింది. కోడలు ఆసుపత్రిలో ఉండగా ఫౌకియా కాగితాన్ని బొమ్మలా కత్తిరించి, సూదితో ఒక్కో పోటే పొడుస్తూ, "ఇది పెద్ద సారు పెళ్ళాం కంటికి, ఇది ఎదురింటి దాని కంటికి, ఇది కోడలి చెల్లెలి కంటికి, ఇది స్కూల్లో దాని తోటి టీచరు తెరెజ్ కంటికి" అని ఊళ్ళో ఆడవాళ్ళందరి కళ్ళూ పొడిచి, సాంబ్రాణి నిప్పుల మీద కాల్చేసిందట. ఆ సంగతి పదకొండేళ్ళ హనీన్ చెప్పింది తల్లికి. "ఒక్క మగవాడి పేరు కూడా అనలేదమ్మా నానమ్మ" అని కూడా చెప్పింది. పిల్ల కళ్ళు చురుకైనవి.

అసలు ఆ మాత్రల అవసరం ఎందుకు వచ్చిందో తలుచుకుంటే రబాబ్‌కి ఒళ్ళు మండుతుంది. ఆమె లెక్కల టీచరు. స్కూల్లో టీచర్లకున్నది ఒకటే మరుగుదొడ్డి, దాని తాళంచెవి హెడ్‌మిస్ట్రెస్ చేతిసంచీలో. వెళ్ళాలంటే ఆవిడ గదికి వెళ్ళి, అక్కడ కూర్చున్న మగ ఇన్‌స్పెక్టర్ల ముందు అడగాలి. అడగలేక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బిగబట్టుకోవడం, నీళ్ళు తాగడం మానేయడం. మూత్రంలో మంట ఆ స్కూలు ఆడ టీచర్లందరికీ జీతంతో పాటు వచ్చేదే. ఈసారి మంట తగ్గకపోతే వగీహ్‌కి చెప్పింది. "దీనికి డాక్టరెందుకు? ముఖ్తార్ ఉన్నాడుగా" అని కిందికి దిగి, మాత్రలు తెచ్చాడు. పద్నాలుగు రోజుల కోర్సు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో మానకూడదు.

ఇక్కడే ఆమె తన మీద తనకి కోపం తెచ్చుకుంటుంది. జవాబు రాసే ముందు ప్రశ్న రెండుసార్లు చదవమని పిల్లలకి పదిహేనేళ్ళుగా చెప్తున్న మనిషి, ఆ మాత్రల అట్ట ఒక్కసారైనా తిప్పి చూడలేదు. చూడలేదంటే, ఆమె చేతికి అట్ట రాలేదు. వగీహ్ తన దగ్గరే ఉంచుకుని, రెండు పూటలా ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మనిషి ఆమెకి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇవ్వడం అదే మొదటిసారి. ఆ అరచేతిలోని తెల్లటి మాత్ర పేరు అడగాలని కూడా ఆమెకి తోచలేదు. సంబరపడింది. స్కూల్లో తెరెజ్‌కి చెప్పుకుని మురిసింది కూడా. అది గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

పదో రోజున, మంగళవారం, జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు పచ్చి పుండయింది. జలుబు అనుకున్నారు. బుధవారం సాయంత్రానికి గుండెల మీద ఎర్రటి మచ్చలు. "ముఖ్తార్‌ని ఒకమాట అడగండి" అంది. వగీహ్ బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేసి వచ్చాడు. "వేడి చేసిందట. కోర్సు మాత్రం పూర్తి చెయ్యమన్నాడు" అని మాత్ర, నీళ్ళు చేతికిచ్చాడు. శుక్రవారం భోజనాలున్నాయి. ఉపమేనేజర్ పదవికి ఇద్దరి పేర్లు పైకి వెళ్ళాయి, పెద్ద సారు ఎవరి వైపు తలాడిస్తే వాళ్ళది. "ఈ ఒక్క శుక్రవారం గట్టెక్కించు రబాబ్, తరవాత వారం రోజులు పడుకో" అన్నాడు. ఆమె గట్టెక్కించింది. పావురాల్లో గోధుమరవ్వ కూరింది, ద్రాక్షాకుల చుట్టలు చుట్టింది, బాతు కాల్చింది. నాలుక పొక్కిపోయి ఉప్పు తెలియక, ప్రతి గిన్నె దగ్గరా హనీన్‌ని నిలబెట్టి రుచి చూపించింది. మొలోఖియా ఆకు కూరలో వెల్లుల్లి తాలింపు పోసేటప్పుడు వండే మనిషి గట్టిగా ఊపిరి లోపలికి పీల్చి 'హా' అనాలి, లేకపోతే కూర రుచి చెడుతుందని ఊరందరి నమ్మకం. రబాబ్ గొంతులోంచి ఆ 'హా' రాలేదు. "ఆ మాత్రం ఊపిరి కూడా పీల్చలేవా, అతిథులొచ్చే రోజున!" అని అత్తగారు విసుక్కుని, తనే వచ్చి గిన్నె మీద వంగి పీల్చి వెళ్ళింది. పెద్ద సారు రెండోసారి వడ్డించుకున్నాడు. శనివారం రబాబ్ ఆసుపత్రిలో ఉంది. ఆమె వార్డులో ఉండగానే వగీహ్‌కి ఉపమేనేజర్ పదవి వచ్చింది. పెద్ద సారు ఇప్పటికీ ఆ పావురాల మాట ఎత్తుతుంటాడని గర్వంగా చెప్తుంటాడు.

తిరిగి స్కూలుకి వెళ్తే హెడ్‌మిస్ట్రెస్ ఆమె మొహం మీది నలుపు తెలుపు మచ్చలు చూసి, "పిల్లలు జడుసుకుంటారమ్మా, నీ మంచికే చెప్తున్నా, కొన్నాళ్ళు స్టోర్ గదిలో రిజిస్టర్లు చూసుకో" అంది. తెరెజ్ ఒక్కతే రోజూ విరామంలో స్టోర్ గదికి వచ్చి, రబాబ్ కళ్ళలో చుక్కల మందు తనే వేసి, "పేరు చెప్పారా?" అని అడుగుతుంది. లేదంటుంది రబాబ్. "చెప్పేదాకా వదలకు. నువ్వు వదిలేస్తావనే వాళ్ళ ధైర్యం" అంటుంది తెరెజ్. అలా అడిగే మనిషి లోకంలో ఆమెకి ఆ ఒక్కతే.

ఉల్లిపాయలు సగం అయ్యేసరికి హనీన్ స్కూలు నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా మరుగుదొడ్డిలోకి పరిగెత్తింది. బయటికొచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది. "మంటమ్మా" అంది మెల్లగా. నుదురు ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఈ పిల్ల కూడా బిగబట్టుకుంటోందన్నమాట. తల్లి చదువు చెప్పే బడిలో తల్లి రోగమే పిల్లకీ అంటింది.

"దానికింత ఆలోచన ఎందుకు? ముఖ్తార్ దగ్గరికి పంపించు, నీకిచ్చినటువంటి నాలుగు బిళ్ళలు ఇస్తాడు, తగ్గిపోతుంది" అంది ఫౌకియా, పప్పులో రాళ్ళు ఏరుతూ.

నీకిచ్చినటువంటి. రబాబ్ కత్తి కింద పెట్టింది. అత్తగారి మొహంలోకి చూసింది. ఆ మొహంలో కుట్ర ఏమీ లేదు. అంతకన్నా భయం కలిగించేది ఉంది. ఏమీ జరగనట్టే ఉంది. నిజంగానే ఆవిడ లెక్కలో ఏమీ జరగలేదు. దిష్టి తగిలింది, బొమ్మ కాల్చారు, పోయింది. రేపు తను లేనప్పుడు ఈ చేతులే హనీన్ నోట్లో ఆ మాత్ర వేస్తాయి, ప్రేమగానే వేస్తాయి, పైగా నీళ్ళు కూడా తెచ్చి ఇస్తాయి. రబాబ్ చేతులు కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని, "నేనే వెళ్తాను" అంది.

షాపులో నలుగురు ఆడవాళ్ళున్నారు. ముఖ్తార్ తెల్లకోటు వేసుకుని, చెప్పేది వింటూనే అరల్లోంచి అట్టలు తీసి కత్తెరతో టకటకా కత్తిరించి ఇచ్చేస్తున్నాడు. పిల్లాడి దగ్గుకి ఆరు, మామగారి పంటికి ఎనిమిది. పెట్టె లేదు, కాగితం లేదు. ఎవరూ అడగరు కూడా. రబాబ్‌ని చూడగానే అతని కత్తెర ఒక్క క్షణం ఆగింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె కనిపిస్తే తేలు కుట్టిన దొంగలా లోపలి గదిలోకి వెళ్ళిపోవడం అతని అలవాటు. ఇవాళ కొట్టు నిండా జనం, కదల్లేకపోయాడు.

"రా చెల్లెమ్మా. ఒంట్లో ఎలా ఉంది?"

"నాకు కాదన్నయ్యా. హనీన్‌కి. మూత్రంలో మంట, కాస్త జ్వరం."

ముఖ్తార్ చెయ్యి అలవాటు చొప్పున ఎడమవైపు మూడో అర మీదికి వెళ్ళింది. అక్కడున్న తెల్ల నీలం పెట్టెని ముట్టుకుంది. ముట్టుకుని, కాలినట్టు వెనక్కి వచ్చి, కింది అరలోంచి ఇంకో పెట్టె తీసింది.

"ఇది వాడు. భయపడకు చెల్లెమ్మా, అది మాత్రం మన హనీన్‌కి చస్తే ఇవ్వను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది. ఇక్కడ గుమ్మడికాయ మాట కూడా ఎవరూ ఎత్తలేదు. ఆమె అడిగింది పిల్లకి మందు.

"అది అంటే ఏది అన్నయ్యా?" అంది రబాబ్.

పక్కనున్న ఆడవాళ్ళు మాట్లాడుకోవడం ఆపేశారు. అందులో ఒకావిడ రబాబ్ చేతుల మీది మచ్చలు చూస్తోంది.

"లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇక్కడే చెప్పండి. నాలుగు నెలలుగా మీకు గుర్తులేదు కదా, మీ చేతికి మాత్రం గుర్తుందే. మూడో అర, తెల్ల నీలం పెట్టె. దాని పేరేమిటి?"

"చెల్లెమ్మా, అందరి ముందూ..."

"నా చర్మం అందరి ముందే ఉందన్నయ్యా. నేనేం దాచుకున్నాను?"

అతను చుట్టూ చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. చివరికి, "సల్ఫా. అది సల్ఫా మాత్ర" అన్నాడు. ఇంత చిన్న మాట! రెండే అక్షరాలు. దీనికోసం నాలుగు నెలలు. రబాబ్‌కి ఏడవాలనిపించింది, నవ్వాలనిపించింది, ఆ అద్దాల బల్లని చేత్తో గుద్దాలనిపించింది. వెనక నుంచి ఆ మచ్చలు చూసిన ఆవిడ, తన చేతిలోని కత్తిరించిన అట్టని తిప్పి చూసుకుని, "డాక్టర్‌గారూ, ఇదేం మాత్ర?" అని ముఖ్తార్‌ని అడుగుతోంది.

అప్పుడు ముఖ్తార్ అన్నాడు. తన మీద పడ్డ బరువు ఇంకొకరి మీదికి తోసే తొందరలో అన్నాడు. "తప్పంతా నా నెత్తిన రుద్దకు చెల్లెమ్మా. చీటీ లేకుండా ఇచ్చాను, నిజమే. ఒప్పుకుంటాను. కానీ బుధవారం సాయంత్రం మచ్చలని ఫోన్ చేసినప్పుడు, వెంటనే ఆపెయ్యమన్నాను. ఒక్కటి కూడా వెయ్యొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళు బావా అని అరిచి చెప్పాను. కావాలంటే మీ సమాహ్‌ని అడుగు, పక్కనే ఉంది. శుక్రవారం దాకా ఆగొచ్చా అని అడిగాడు. ఆగకూడదన్నాను. తరవాత అతనే వచ్చి, నోరెత్తితే నీ షాపు మూయిస్తారు, నాకూ చెడ్డపేరు, ఇద్దరం మునుగుతాం అన్నాడు. మింగలేక కక్కలేక చస్తున్నాను నేను మాత్రం."

రబాబ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆమె మనసు లెక్కల మనసు కాబట్టి లెక్క వేసింది. బుధవారం సాయంత్రం ఒకటి. గురువారం రెండు. శుక్రవారం పొద్దున, పావురాలు కూరుతుండగా ఒకటి. శుక్రవారం సాయంత్రం, అతిథులు వెళ్ళాక గిన్నెలు తోముతుండగా ఒకటి. ఐదు. ఆపమన్న తరవాత ఐదు మాత్రలు. ఐదింటినీ అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఐదుసార్లూ గ్లాసుడు నీళ్ళు తెచ్చాడు. శుక్రవారం సాయంత్రం నోట్లో పుండ్లకి నీళ్ళు తగిలి ఆమె మూలిగితే, "కొంచెం ఓర్చుకో, కోర్సు అయిపోవచ్చింది" అని వీపు కూడా నిమిరాడు.

"ఆ ఖాళీ పెట్టె ఒకటివ్వండి" అంది. "దాని మీద మీ చేత్తో, ఏ రోజు మొదలుపెట్టానో, ఏ రోజు ఆపమన్నారో రాయండి."

"రాతపూర్వకంగా అడక్కు చెల్లెమ్మా, నా పిల్లలున్నారు."

"నాకూ ఉందన్నయ్యా, పైన జ్వరంతో పడుకుని."

అతను రాశాడు. హనీన్‌కి తీసిన కొత్త పెట్టె మాత్రం ఆమె ముట్టుకోలేదు. రేపు ఆసుపత్రిలో పరీక్ష చేయించాకే ఏదైనా అని చెప్పి, మెట్లెక్కింది. పిల్లకి బార్లీ కాచి తాగించి, తడిగుడ్డ నుదుటన వేసింది. సగం కోసిన ఉల్లిపాయల సంచీ అలాగే తీసుకెళ్ళి పై అంతస్తులో అత్తగారి గుమ్మం ముందు పెట్టి వచ్చింది.

సాయంత్రం వగీహ్ వచ్చి కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చునేసరికి ముఖ్తార్ నుంచి ఫోన్ అందినట్టే ఉంది. మొహం చూస్తే తెలుస్తోంది. చిక్కుడు గింజల కూర, రొట్టె ముందు పెట్టింది. అతనే మొదలుపెట్టాడు.

"కొట్లో అందరి ముందూ అల్లరి చేశావట."

"బుధవారం ఆపమన్నాడట కదా."

వగీహ్ రొట్టె తుంచాడు. తిన్నాడు. నీళ్ళు తాగాడు. "వాడు ప్రతిదానికీ భయపడే రకం. ఆపెయ్యి, ఆసుపత్రికి తీసుకెళ్ళు అన్నాడు. వేడి పొక్కులేమో అనుకున్నాను. రెండు రోజులే కదా అనుకున్నాను. నాకేం తెలుసు ఇంత అవుతుందని?"

"తెలియదు సరే. అవుతోందని శనివారం కళ్ళారా చూశారు. డాక్టరమ్మ మిమ్మల్ని నిలబెట్టి అడిగింది. అప్పుడు?"

"అప్పుడు చెప్తే ఏమయ్యేది? ఊడిన చర్మం తిరిగొచ్చేదా? ముఖ్తార్ జైలుకి పోయేవాడు, సమాహ్ రోడ్డున పడేది, నా ఉద్యోగం గంగలో కలిసేది. నేను ఇల్లు మొత్తం ఆలోచించాలి. నీలాగా ఒక్కదాని గురించి ఆలోచిస్తే కుదరదు నాకు. ఆ పదవి మాత్రం నేనొక్కడినే అనుభవిస్తున్నానా? ఎవరి కోసం?"

ఆ ఒక్కదాని గురించి ఈ ఇంట్లో ఆలోచించిన వాళ్ళు ఎవరూ లేరని చెప్పాలనుకుంది రబాబ్. పేరు తెలియక తను మళ్ళీ అదే మాత్ర మింగితే, హనీన్ మింగితే ఏమయ్యేదని అడగాలనుకుంది. ఈ మనిషి చెడ్డవాడు కాదు, తాగడు, కొట్టడు, పండక్కి బట్టలు కొంటాడు. ఊరంతా అదే చెప్తుంది, నిన్నటిదాకా తనూ అదే చెప్పుకుంది. చెడ్డవాడైతే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. కొట్టి ఉంటే ఆ దెబ్బకి ఒక పేరుండేది. గ్లాసుడు నీళ్ళతో చేసినదానికి ఏ పేరు పెట్టాలో, ఎవరికి చెప్తే నమ్ముతారో ఆమెకి తెలియడం లేదు.

"ఇంతకీ ఇప్పుడు ఏం చేద్దామని? ఇల్లు కూల్చుకుంటావా?" అన్నాడు వగీహ్, గొంతు కాస్త మెత్తబరిచి. "అయిందేదో అయింది. దేవుడి రాత. కావాలంటే రేపు మంచి క్రీము తెస్తాను, మచ్చలు పోయేది."

"రేపు హనీన్‌ని తీసుకుని అలెగ్జాండ్రియా వెళ్తున్నాను" అంది ఆమె. "మీరు రానక్కర్లేదు."

పొద్దున్నే వ్యాను ఎక్కి తల్లీకూతుళ్ళు పది గంటలకల్లా ఆసుపత్రి చేరారు. పిల్లకి మూత్ర పరీక్ష చేసి వేరే మందు రాశారు. పేరేమిటో, ఎన్నాళ్ళో, ఏం కనిపిస్తే ఆపాలో రబాబ్ మూడుసార్లు అడిగి రాసుకుంది. చిన్న డాక్టరు విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకుంది. తరవాత కాలిన గాయాల వార్డు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ముఖ్తార్ రాసిచ్చిన పెట్టె బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ పెట్టె తిప్పి చూసింది. తేదీలు చదివింది. ఫైల్లో రబాబ్ చేరిన తేదీ పక్కన పెట్టుకుని ఇంకోసారి చదివింది. "ఆపమన్న తరవాత మూడు రోజులా!" అంది. ఎందుకని అడగలేదు. ఆ వార్డులో ఆవిడ చాలామంది ఆడవాళ్ళని చూసి ఉంటుంది.

సొరుగులోంచి ఒక చిన్న అట్టకార్డు తీసింది. ఎర్ర సిరాతో రబాబ్ పేరు, దాని కింద మందు పేరు పెద్ద అక్షరాలతో రాసింది. ఇలాంటిదే ఇంకోటి హనీన్‌కి కూడా రాసి, "ఇవి ఎప్పుడూ దగ్గరుండాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఏ కొట్టుకి వెళ్ళినా ముందు ఇది చూపించండి" అంది. హనీన్ తన కార్డు మీది అక్షరాలు పెదవులు కదుపుతూ చదువుకుంది.

"ఇంకొక్కటి నింపాలి" అంది డాక్టరమ్మ, రబాబ్ కార్డు వెనక్కి తిప్పి. "నువ్వు స్పృహలో లేకపోతే, అప్పటిలా నోరు పెగలకపోతే, నీ తరఫున ఈ సంగతి చెప్పేవాళ్ళ నంబరు. భర్త పేరు వగీహ్ కదా? నంబరు చెప్పు."

కలం కార్డు మీద ఆగి ఉంది. అప్పటికే 'వ' రాసేసింది ఆవిడ.

"అది కొట్టెయ్యండి డాక్టర్‌గారూ" అంది రబాబ్. "మా స్కూల్లో తెరెజ్ అని ఉంది, ఆవిడ నంబరు రాయండి. ఆయనకి తెలుసు, కానీ చెప్పడు."